మిన్నును మున్నీరును: ఆగుస్త్ పికార్డు చరిత్రము

సాహసమను మాట మన వాఙ్మయమున రెండు విధముల వాడబడుచున్నది. ధర్మశాస్త్రకారులు బలాత్కారముగా చేయు నేరమును సాహసమనిరి. కథకులు వీరుడు ప్రాణములకు తెగించి చేయు కార్యమును సాహసమనిరి. రెండింటికిని సామాన్యమైన గుణమొకటి కలదు. అది ముందు వెనుకలు చూడకపోవుట. ఇందువలననే కాబోలు, పిల్లవాడు చెట్టెక్కబోయినను, ఏటిలో ఈదబోయినను మన యిండ్లలో పెద్దలు ‘సాహసములు చేయకుము’ అని మందలింతురు. తెగింపు వేరు, తెలివి వేరు అనియు, ఒకటి యున్నచోట రెండవది యుండదనియు మనలో నొక నమ్మకము పాతుకొనిపోయినది. ఈ నమ్మకము సరికాదని తన జీవితముచే నిరూపించిన యొక పండితుని చరిత్రమును చదువరుల ముందుంచుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఆ పండితుని పేరు ఆగుస్త్ పికార్డు. ఆయన స్విట్జర్లండు దేశీయుడు, భౌతికశాస్త్రాచార్యుడు. అంతకుముందు ఏ మనుష్యుడును చేరని యెత్తునకు 1931లో బెలూనుమీద పోయి సజీవుడై తిరిగివచ్చెను. తరువాత తాను కల్పించిన యోడలో కూర్చుండి, 1953లో, అరువదితొమ్మిదేండ్ల ప్రాయమున, సముద్రములో 3,000 మీటర్లకు మించిన లోతునకు దిగి మరల పైకి వచ్చెను. ఎక్కుటయందును దిగుటయందును ఆయన నమ్ముకొన్నది ఒకే యుపాయము. అది గాలి చొరని లోహగోళము. ఆ గోళము కథయే ఆయన కథ.

పికార్డు 1884 వ సంవత్సరము జనవరి 28 వ తేదీన బాసెల్ నగరమున జన్మించెను. ఝాన్ అను సోదరుడు ఆయనతో కవలగా పుట్టెను. తండ్రి జూల్స్ పికార్డు ఆ నగరపు విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రాచార్యుడు. శాస్త్రము ఆ యింట పుస్తకములయందు మాత్రమే గాక నిత్యసంభాషణయందును ఉండెడిదని వేరుగ చెప్పనక్కరలేదు. సోదరులిద్దరును జ్యూరిచ్ లోని సాంకేతిక విద్యాపీఠమున చదివిరి. ఆగుస్త్ యంత్రశాస్త్రమును, ఝాన్ రసాయనశాస్త్రమును అభ్యసించిరి. పొడుగైన సన్నని దేహము, ఎత్తైన నుదురు, మెడవరకు వ్రేలాడు జుట్టు గల ఆగుస్త్ పండితుని రూపము తరువాతి కాలమున లోకమంతటికి పరిచితమయ్యెను. బెల్జియము దేశపు చిత్రకారుడు ఎర్జే తన టిన్‌టిన్ బొమ్మల కథలలోని పరధ్యాన పండితుని ఆయనను చూచియే కల్పించెను.

ఆయన విద్యార్థిగా నుండినపుడు ఒక పుస్తకము చేతికి వచ్చెను. 1898, 1899 సంవత్సరములలో కార్ల్ షూన్ అను జర్మను జంతుశాస్త్రజ్ఞుని నాయకత్వమున ‘వాల్డీవియా’ అను ఓడ సముద్రగర్భమును పరిశోధింప బయలుదేరెను. ఆ యాత్రావృత్తాంతమే యా పుస్తకము. అగాధమున వలలువైచి పైకి లాగిన వింతజీవులు తమ దేహములనుండియే కాంతిని వెదజల్లుచుండెను. కాని ఓడ మీదికి వచ్చినంతనే ఆ వెలుగు ఆరిపోయెడిది, ప్రాణమును పోయెడిది. చచ్చినదానిని పైకి తెచ్చి చూచుటకంటె, బ్రదికియున్నచోటికే పోయి చూడరాదా అని ఆ విద్యార్థికి తోచెను. ఒత్తిడికి లొంగని గట్టి గది యొకటి కావలెను, దానిని తేల్చుటకు నీటికంటె తేలికయైన పదార్థముతో నిండిన తొట్టి యొకటి కావలెను. ఈ చిన్న యూహ ఆయన మనస్సున నలుబదియేండ్లకు పైగా నిలిచియుండి, తుదకు కార్యరూపము దాల్చినది. ఆకాశయానము చేసినపిదప ఆయన సముద్రమువైపు తిరిగెనని లోకులు తలచిరి. నిజమునకు సముద్రపు గోళమే ముందు పుట్టినదనియు, దానినే మార్చి ఆకాశమునకు వాడుకొంటిననియు ఆయన స్వయముగా వ్రాసియున్నాడు.

ఇట్టి ఊహలు గల యువకుడు వానిని వెంబడించుచు చదువు మానివేయుట మనము తరచుగ చూచుచున్నాము. పికార్డు అట్లు చేయలేదు. ఆయన మొదట మంచి ప్రయోగశాస్త్రజ్ఞుడయ్యెను. పియేర్ వైస్ అను పండితునితో కలసి, అయస్కాంతత్వము మారునపుడు లోహముయొక్క వేడిమియు మారుననుటను 1917లో ప్రకటించెను. ఆ సంవత్సరమే యురేనియములో అంతవరకు ఎరుగబడని మరియొక విధము ఉండితీరవలెనని ఊహించెను. నేడు 235 అను సంఖ్యతో పిలువబడు యురేనియము అదియే. 1922లో బ్రస్సెల్సు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్య పదవి ఆయనకు లభించెను. ఐన్‌స్టీను, మేడమ్ క్యూరీ, బోరు మొదలగువారు కూడిన 1927 నాటి సాల్వే సభ చిత్రపటమున వెనుక వరుసలో ఎడమ కొనను నిలువబడియున్నది పికార్డే. 1913 నుండియే ఆయన బెలూనులలో ఎగురుచుండెను. భూగమనమువలన కాంతివేగము మారునా యను సుప్రసిద్ధమైన పరీక్షను 1926లో బెలూనులో కూర్చుండి మరల చేసెను. బెలూను ఆయనకు వినోదసాధనము గాదు, తేలియాడు ప్రయోగశాల.

అంతకంటె పైకి పోవలసిన పని యేమి వచ్చినదని చదువరులు అడుగవచ్చును. 1912లో ఆస్ట్రియా దేశపు విక్టర్ హెస్ అను పండితుడు బెలూనుమీద సుమారు 5,300 మీటర్ల యెత్తునకు పోయి, పైకి పోయినకొలది వాయువునందలి విద్యుత్ప్రభావము పెరుగుచున్నదని కనుగొనెను. ఏవో తీవ్రమైన కిరణములు భూమికి వెలుపలినుండి వచ్చుచున్నవని దీనినిబట్టి తెలిసెను. ఇవియే విశ్వకిరణములు. మన తలపై నున్న వాయుమండలము వీనిలో నధికభాగమును అడ్డుచున్నది. కావున వానిని వాని సహజస్థితిలో కొలువవలెనన్నచో, ఈ గాలిదుప్పటిని దాదాపు పూర్తిగా క్రిందనే విడిచి పైకి పోవలెను. పదునారువేల మీటర్ల యెత్తున వాయుపీడనము నేలమీది దానిలో పదవవంతు మాత్రమే యుండును. అనగా తొమ్మిదివంతుల గాలి మన కాళ్లక్రిందికి పోవును.

కాని ఆ యెత్తున మనుష్యుడు బ్రదుకజాలడు. ఇది గ్రంథములలోని మాట గాదు, ప్రాణములిచ్చి తెలిసికొన్న మాట. 1875 ఏప్రిలులో ‘జెనిత్’ అను బెలూనులో ముగ్గురు ఫ్రెంచివారు ఎనిమిదివేల మీటర్లు దాటిరి. వారిలో సివెల్, క్రోసె-స్పినెల్లి అను ఇద్దరు తొట్టిలోనే మరణించిరి. తిసాన్‌దియే అను మూడవవాడు చెవుడుతో బయటపడెను. ప్రాణవాయువు వారియొద్ద ఉండెను. కాని దానిని అందుకొనుటకు చేయి లేవకమునుపే స్పృహ తప్పిపోయెను. 1927 నవంబరులో అమెరికా సైన్యపు కెప్టెను హాథారన్ గ్రే తెరచిన తొట్టిలో పండ్రెండువేల మీటర్లకు పైబడి ఎగిరి, ప్రాణవాయువు చాలక చనిపోయెను. వీరందరును ధైర్యశాలురే. వీరి ధైర్యమునందు లోపము లేదు. లోపమున్నది ఏర్పాటునందు. ప్రాణము పోసికొను పనిని, స్పృహ తప్పబోవు మనుష్యుని చేతికే అప్పగించియుండిరి.

పికార్డు ఈ ప్రశ్నను తలక్రిందులుగా త్రిప్పెను. మనుష్యుని ఆ గాలికి అలవాటుచేయుటకు మారుగా, నేలమీది గాలినే మనుష్యునితోబాటు పైకి తీసికొనిపోవలెను. సుమారు 2.1 మీటర్ల వ్యాసముగల గోళమొకటి అల్యూమినియముతో చేయించెను. దాని గోడ మందము 3.5 మిల్లీమీటర్లు. లోపలివారు విడుచు బొగ్గుపులుసు వాయువును క్షారపదార్థములు పీల్చివేయును. ద్రవరూపమున నున్న ఆమ్లజని మెల్లమెల్లగ ఆవిరియై శ్వాసకు ఉపకరించును. తలుపు మూసినపిదప వెలుపల నెట్టి శూన్యమున్నను లోపలివారికి నిమిత్తము లేదు. బెల్జియము రాజు ఆల్బర్టు ప్రేరణచే 1928లో ఏర్పడిన జాతీయ శాస్త్రపరిశోధన నిధివారు దీనికి ద్రవ్యమిచ్చిరి. ఆ నిధి పేరులోని మొదటి అక్షరములే ఎఫ్. ఎన్. ఆర్. ఎస్. అని బెలూనునకు పేరయ్యెను.

బెలూను సంచి 14,000 ఘనమీటర్లది. కాని నేలమీద దానిలో అయిదవ వంతు మాత్రమే ఉదజనితో నింపిరి. పైకి పోయినకొలది వెలుపలి ఒత్తిడి తగ్గును, లోపలి వాయువు వ్యాకోచించును. క్రిందనే నిండుగా నింపినచో ఆ వాయువులో నధికభాగము పైకి చేరకముందే వృథాగా వెలువడిపోవును. కావున బయలుదేరునప్పుడు ఆ బెలూను ఉబ్బిన గుండ్రనిబంతివలె గాక, వడలిన బీరకాయవలె వ్రేలాడుచుండెను. చూడవచ్చినవారికి అది హాస్యాస్పదముగ తోచినను, దాని వడలిక వెనుక లెక్క యున్నది.

1930 సెప్టెంబరులో చేసిన మొదటి ప్రయత్నము గాలి ప్రతికూలించి విఫలమయ్యెను. జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరమున 1931 మే 27 వ తేదీ తెల్లవారక మునుపే రెండవ ప్రయత్నము సాగెను. పికార్డును, ఆయన సహాయుడు పాల్ కిప్ఫరును గోళములో కూర్చుండిరి. శిరస్త్రాణములకు బదులు వెదురుబుట్టలలో దిండ్లు పెట్టి తలలపై బోర్లించుకొనిరి. బయటివారు బెలూనును విడిచిన సంగతియే వీరికి తెలియలేదు. కిప్ఫరు కిటికీగుండా చూడగా కర్మాగారపు పొగగొట్టమొకటి క్రిందుగా పోవుచుండెను! అప్పటికే వారు గాలిలో నుండిరి.

ఆపదలు వెంటవెంటనే వచ్చెను. గోళమునకు పరికరములకొరకు చేసిన యొక రంధ్రము సరిగా మూసుకొనక లోపలి గాలి బుస్సుమని వెలికి పోవుచుండెను. పికార్డు ముందుగానే వాసెలీనులో నారపీచు కలిపిన ముద్దను సిద్ధపరచుకొని వచ్చియుండెను. దానిని రంధ్రమున కూరి కూరి, తగ్గిన గాలికి బదులుగ ద్రవామ్లజనిని ఒలుకబోసి, ఆ యపాయమును గడచిరి. అరగంటలోపుననే వారు పదునైదువేల మీటర్లకు చేరియుండిరి. ఇంతలో ఒక వాయుమాపకము పగిలి పాదరసము నేలపై చిందెను. పాదరసము తగిలిన అల్యూమినియము తినివేయబడును. ఆ గోడ మూడున్నర మిల్లీమీటర్లదే గదా! వారొక రబ్బరు గొట్టమును వెలుపలికి పోవు రంధ్రమునకు తగిలించిరి. బయటి శూన్యమే పీల్చి పాదరసమును ఊడ్చివేసెను. తమ్ము చంపుటకు సిద్ధముగ నున్న శూన్యముచేతనే ఇల్లు తుడిపించుకొనిరి.

ఇంతకంటె పెద్ద యాపద వేరొకటి యుండెను. దిగుటకు కొంత వాయువును విడువవలెను. దానికై బెలూను శిఖరమున నున్న కవాటమును త్రాటితో లాగవలెను. ఆ త్రాడు చిక్కుపడి పనిచేయకపోయెను. ఎక్కుటకు సాధ్యమైనది, దిగుటకు సాధ్యముగాలేదు. గోళములో ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు రంగులు పూసియుండిరి. ఎండను కావలసినంత మేరకు గ్రహించుటకై గోళమును త్రిప్పు చిన్న యంత్రమొకటి అమర్చియుండిరి. అదియును చెడిపోయెను. నల్లనివైపు సూర్యునకు ఎదురై నిలువగా లోపల వేడి సుమారు 40 డిగ్రీల వరకు పెరిగెను. త్రాగునీరు చాలలేదు. గోడలపై చెమ్మగిల్లిన నీటిబొట్లను నాకి గొంతు తడుపుకొనిరి. గాజు కిటికీకి ఆవల ఆకాశము ముదురు ఊదారంగున నల్లనై కనబడుచుండెను. అంతటి దృశ్యమును మనుష్యుడు అంతకుముందు చూచియుండలేదు. చూచినవారు మాత్రము, ఆమ్లజని యెన్ని గంటలు నిలుచునో లెక్క పెట్టుకొనుచుండిరి.

చేయదగినది ఒకటే మిగిలెను. అది సాయంకాలమువరకు కనిపెట్టుకొనియుండుట. ప్రొద్దుక్రుంకిన పిదప ఉదజని చల్లబడి కుంచించుకొనును, బెలూను తనంతట దిగును. అట్లే జరిగెను. రాత్రి తొమ్మిదిగంటల ప్రాంతమున, సుమారు పదునేడు గంటల యాత్రకు పిదప, ఆస్ట్రియాలోని తిరోల్ పర్వతములలో గుర్గల్ గ్రామమునకు ఎగువనున్న హిమానీనదముపై వారు వ్రాలిరి. బెలూను గుడ్డను కప్పుకొని మంచుమీదనే రాత్రి గడిపి, మరునాడు కాలినడకను దిగివచ్చిరి. అప్పటికి లోకము వారు మరణించిరని తలచుచుండెను. వారు చేరిన యెత్తు 15,781 మీటర్లు.

ఈ యాత్రను పత్రికలవారు వీరగాథగ వర్ణించిరి. పికార్డు మాత్రము దానిని అసంపూర్ణ ప్రయోగముగ భావించెను. ఆపదలతో పెనగులాడుటలోనే ప్రొద్దు గడచి, విశ్వకిరణములను కొలుచు పని కొరతపడెను. అందుచేత 1932 ఆగస్టు 18 వ తేదీన మాక్స్ కోసిన్సు తోడుగా జ్యూరిచ్ సమీపముననున్న డ్యూబెన్‌డార్ఫునుండి మరల ఎగిరి, 16,200 మీటర్లు చేరి, కొలతలు తీసికొని, ఉత్తర ఇటలీలో క్షేమముగ దిగెను. ఈసారి గోళమంతయు తెల్లగ పూయించెను. తత్ఫలముగ వేడికి మారుగ చలి బాధించెనట! ఎట్టివాడైనను ఒక తప్పును దిద్దుకొనుచు దానికి ఎదురుతప్పు చేయుట కలదు. దాచకుండ చెప్పుటయే పండితుని లక్షణము.

ఆయన చూపిన దారిని ఇతరులు పట్టిరి. 1934 జనవరి 30 వ తేదీన సోవియెట్ రష్యాకు చెందిన బెలూను 22,000 మీటర్లవరకు పోయెను. దిగునపుడు గోళము తెగిపడి ఫెదొసెయెంకో, వసెంకో, ఉసీస్కిన్ అను మువ్వురును మరణించిరి. ఆ యేటనే అక్టోబరు 23 వ తేదీన పికార్డుగారి కవలసోదరుడు ఝాన్, ఆయన భార్య ఝానెట్ అమెరికాలోని డియర్‌బార్న్ నుండి ఎగిరి 17,500 మీటర్లు చేరిరి. బెలూను నడిపినది భార్య, కొలతలు తీసికొన్నది భర్త. ముగ్గురు బిడ్డల తల్లి ఇట్టి పనికి పూనుకొనుట తగదని ఆ దేశమునను అన్నవారు లేకపోలేదు. ఆమె వారితో వాదము పెట్టుకొనక, బెలూను నడుపుటకు అనుజ్ఞాపత్రము సంపాదించి, నడిపి చూపెను. అంత యెత్తునకు పోయిన మొదటి స్త్రీ ఆమెయే. చిన్ననాటినుండి మతాచార్యురాలు కావలెనని కోరిన ఆమె, స్త్రీల కా పదవి లేదను కట్టుబాటును కాదని, 1974లో, డెబ్బది తొమ్మిదేండ్ల ప్రాయమున, దానిని స్వీకరించిన పదునొకండుగురు స్త్రీలలో ఒకతెయై తన కోరిక తీర్చుకొనెను.

ఎత్తులలో పోటీ పెరుగుచుండగా పికార్డు దానినుండి తొలగెను. ఆయనకు తన పాతకల జ్ఞప్తికి వచ్చెను. 1934లో విలియము బీబు అను అమెరికను శాస్త్రజ్ఞుడు బెర్ముడా దీవుల చెంత ఉక్కుగోళములో కూర్చుండి 923 మీటర్లు దిగియుండెను. కాని ఆ గోళము ఓడనుండి ఉక్కుత్రాటితో వ్రేలాడదీయబడినది. అలలకు ఓడ యూగినపుడెల్ల త్రాడు గుంజుకొనును. త్రాడు తెగినచో కథ ముగిసినట్లే. లోతు పెరిగినకొలది త్రాటి బరువే త్రాటిని తెంచుటకు చాలును. త్రాటిపై ఆధారపడుట యెంత అపాయకరమో ఆగ్స్‌బర్గు యాత్రలో పికార్డునకు అనుభవైకవేద్యమే.

కావున ఆయన త్రాడు లేని యోడను కల్పించెను. లోతు, ఓడ అను అర్థములు గల గ్రీకుమాటలను కూర్చి దానికి ‘బేతిస్కాఫు’ అని పేరిడెను. అది నీటిలోని బెలూనే. ఉదజనికి బదులు నీటికంటె తేలికయైన పెట్రోలు, బెలూను సంచికి బదులు పలుచని లోహపు తొట్టి, తొట్టి క్రింద మనుష్యులుండు ఉక్కుగోళము. సముద్రములో ప్రతి పది మీటర్లకు ఒక వాయుమండలపు ఒత్తిడి చొప్పున పెరుగును. మూడువేల మీటర్ల లోతున అది మూడువందల రెట్లగును. దానిని తట్టుకొనుటకు గోళపు గోడ తొమ్మిది సెంటీమీటర్ల మందముండవలసివచ్చెను. పెట్రోలు తొట్టికి మాత్రము ఆ బలము అక్కరలేదు. దాని అడుగున సముద్రమునకు ద్వారము తెరచియుంచబడెను. లోపలను వెలుపలను ఒత్తిడి సమానమైనచో గోడకు భారమేమున్నది? కిటికీలకు గాజు పనికిరాలేదు. లోపల సన్నముగను వెలుపల వెడల్పుగను కోసిన పారదర్శకమైన ప్లెక్సిగ్లాసు దిమ్మలను అమర్చెను. సముద్రము ఒత్తినకొలది అవి తమ గూళ్లలో మరింత బిగుసుకొనును.

దిగుటకు బరువు కావలెను, తేలుటకు బరువును విడువవలెను. బరువుగా ఇనుప రవలను గొట్టములలో పోసి, గొట్టముల మూతివద్ద విద్యుదయస్కాంతములను నిలిపెను. విద్యుత్తు పారుచున్నంతసేపు ఇనుపరవలు గడ్డకట్టినట్లు నిలిచియుండును. విద్యుత్తును ఆపిన తక్షణమే జారి పడిపోవును, ఓడ తేలును. ఇందులోని విశేషమును చదువరులు గమనింతురుగాక. బ్యాటరీలు చెడిపోయినను, తీగలు తెగినను, లోపలివారు స్పృహ తప్పి మీట నొక్కలేకపోయినను, విద్యుత్తు నిలిచినచో ఓడ మునిగిపోదు, పైకి వచ్చును. 1931లో ఒక త్రాడు పనిచేయకపోగా ఇంటికి మరలు దారి మూసుకొనిపోయెను. ఇప్పుడు ఏది పనిచేయకపోయినను ఇంటికి మరలు దారియే తెరచుకొనును. ఆ హిమానీనదముమీది చలిరాత్రి నేర్పిన పాఠము ఈ యయస్కాంతములలో నిలిచియున్నదని నాకు తోచుచున్నది. ఒక యంత్రము చక్కగ పనిచేయునపుడు దానిని మెచ్చుకొనుట సులభము. అది చెడిపోయినపుడు మనుష్యుని ఏమి చేయునని ముందుగ ఆలోచించుటయే కల్పకుని ధర్మము.

1937లో మొదలైన పని యుద్ధముచే నిలిచిపోయి, 1945 తరువాత మరల సాగెను. 1948లో ఆఫ్రికా పడమటి తీరమున, కేప్ వర్డ్ దీవులవద్ద పరీక్ష జరిగెను. అక్టోబరు 26 వ తేదీన పికార్డును, తెయొడోర్ మొనో అను ప్రకృతిశాస్త్రజ్ఞుడును 25 మీటర్లు దిగివచ్చిరి. నవంబరు 3 వ తేదీన మనుష్యులు లేకుండ, గడియారపు యంత్రముతో, 1,380 మీటర్లకు పంపబడిన ఓడ నియమిత సమయమున తనంతట తేలివచ్చెను. సిద్ధాంతము జయించెను. కాని పైకి తేలినపిదప అలలు తొట్టిని చితుకగొట్టెను. సముద్రము పోటుమీద నుండుటచే పెట్రోలును తోడుకొన వీలుకాలేదు, తుదకు నీటిలోనికి విడిచివేయవలసివచ్చెను. పత్రికలవారు మూడేండ్ల పనిలో ఫలించిన భాగమును విడిచి, చితికిన తొట్టిని చిత్రించి పరిహసించిరి. ఆకాశమునుండి వచ్చినపుడు పూలమాలలు వేసిన లోకమే అరువదినాలుగేండ్ల వృద్ధుని చూచి నవ్వెను.

ఆయన నవ్వినవారికి బదులు చెప్పలేదు. గోళమునకు ఏ లోపమును లేదు. తొట్టి మాత్రము సముద్రముమీద ఈడ్చుటకు తగినట్లు కట్టబడలేదు. తప్పు ఎంతమేర కలదో అంతమేరనే ఒప్పుకొని, దానిని దిద్దుటకు పూనుకొనెను. ఫ్రెంచి నౌకాదళమువారు పాతగోళమును గ్రహించి కొత్త ఓడను కట్టుచుండగా, ఆయన 1952లో ఇటలీలోని త్రియెస్తె నగరవాసుల యాహ్వానముపై అచట వేరొక యోడకు రూపకల్పన చేసెను. నగరము పేరే దానికిడిరి. ఈ పనిలో కుమారుడు ఝాక్ ఆయనకు కుడిభుజమయ్యెను. ఝాక్ చదివినది అర్థశాస్త్రము. తండ్రి స్వప్నమునకై దానిని విడిచి ఈ పనిలో ప్రవేశించెను. 1953 సెప్టెంబరు 30 వ తేదీన పోంజా దీవి సమీపమున తండ్రియు కుమారుడును 3,150 మీటర్లు దిగి సముద్రపు అడుగును తాకి పైకి వచ్చిరి. 1954 ఫిబ్రవరిలో ఫ్రెంచి ఓడ హువో, విల్మ్ అను ఇద్దరు అధికారులతో 4,050 మీటర్లు దిగి ఆ లెక్కను మించెను. ఆ యోడయందలి గోళమును పికార్డు గోళమే.

1958లో త్రియెస్తెను అమెరికా నౌకాదళమువారు కొనిరి. మరింత బలమైన గోళమును జర్మనీలోని క్రుప్పు కర్మాగారమున చేయించిరి. 1960 జనవరి 23 వ తేదీన ఝాక్ పికార్డును, డాన్ వాల్ష్ అను నౌకాధికారియు పసిఫిక్ మహాసముద్రమున మరియానా అగాధపు అట్టడుగునకు, అనగా 10,900 మీటర్లకు పైబడిన లోతునకు దిగిరి. దిగుటకు దాదాపు అయిదు గంటలు పట్టెను. మధ్యలో వెలుపలి కిటికీ యొకటి పెద్దచప్పుడుతో పగులువారెను. అయినను వారుండిన గోళమునకు హాని కలుగలేదు. అడుగున ఇరువది నిమిషములుండి, ఇనుపరవలను విడిచి, పైకి వచ్చిరి. అచట చదునైన చేపనొకదానిని చూచితినని ఝాక్ చెప్పెను. అంత లోతున చేప బ్రదుకజాలదని తరువాతి శాస్త్రజ్ఞులు సందేహించిరి. కన్నులతో చూచినదానినైనను మరల పరీక్షకు పెట్టుట శాస్త్రమునకు మర్యాదయే గాని అవమానము గాదు. ఆగుస్త్ పికార్డు ఈ విజయమును విని, 1962 మార్చి 24 వ తేదీన లొజాన్ నగరమున కన్నుమూసెను. ఆయన మనుమడు బెర్ట్రాండు 1999 మార్చిలో బ్రయన్ జోన్సు అను ఆంగ్లేయునితో కలసి నడుమ ఎచటను ఆగక బెలూనుమీద భూప్రదక్షిణము చేసెను.

ఆయన పని ఐరోపాకే పరిమితము గాదు. విశ్వకిరణములను పై వాయుమండలమున పరీక్షించు శాస్త్రము మన దేశమునకును వచ్చినది. హైదరాబాదునగరముననున్న టాటా మౌలిక పరిశోధన సంస్థవారి కేంద్రమునుండి దశాబ్దములుగా మనుష్యులు లేని పెద్ద బెలూనులు ఎగురుచున్నవి. 2005 ఏప్రిలులో అట్టి బెలూను నలుబదివేల మీటర్లవరకు పోయి తెచ్చిన గాలిలో, అంతకుముందు ఎరుగని మూడు విధముల సూక్ష్మజీవులను కనుగొన్నట్లు 2009లో ప్రకటించిరి. వాల్డీవియా ఓడ వృత్తాంతము చదివి విద్యార్థి పికార్డు అడిగిన ప్రశ్నయే ఇదియును: ఎంత దూరము పోయిన అచట జీవమున్నది?

ఇక మొదటి మాటకు వత్తము. పికార్డు చేసినది సాహసము గాదా? మనవారు వాడు అర్థమున గాదు. ఆయన గాలి యెంతసేపు వచ్చునో, గోడ యెంత బరువు మోయునో, ఉదజని యెపుడు కుంచించునో లెక్కించెను. లెక్కకు అందని దానికై నారపీచు ముద్దను చేతనుంచుకొనెను. లెక్క తప్పినపుడు, కన్నీరు గార్చక, తప్పెచట కలదో వెదకెను. లెక్క లేని తెగింపువలన జెనిత్ బెలూనులో ప్రాణములు పోయెను. తెగింపు లేని లెక్క యెన్నడు గాని కాగితమును దాటి కదలదు. రెండును కూడినచో ఏమగునో ఆ గోళము చెప్పుచున్నది.

మన యిండ్లలో బాలురును బాలికలును చెట్టెక్కెదమనియు, ఏరు దాటెదమనియు, దూరదేశములకు చదువబోయెదమనియు అడుగునపుడు, ‘సాహసములు చేయవలదు’ అను పాతమాటకు మారుగా మరియొక మాట అడిగి చూతము: ‘ఎట్లు దిగివత్తువో ఆలోచించితివా?’ ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన బిడ్డను ఆపవలసిన పని లేదు. చెప్పలేనివానిని గదమాయింపక, జవాబు వెదకుటకు తోడ్పడుటయే పెద్దల పని. బాసెల్ నగరమున కవలబిడ్డలను పెంచిన యా రసాయనశాస్త్రాచార్యుని యింట ఇట్టి ప్రశ్నలకు చోటుండియుండునని ఊహించుట తప్పుగాదు.